వలస మందకు కాపలా కుక్క: పిల్లను ఎంచుకోవడం, పెంచడం, ఆరోగ్యం

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ లాంటి మెట్ట ప్రాంతాల గొర్రెల మందలు మేత, నీటి కోసం నెలల తరబడి వలస వెళ్తాయి. ఇంటి దగ్గర దొడ్డి ఉంటుంది. వలసలో మంద బయలు పొలంలోనే పడుకుంటుంది. తోడేళ్లు, చిరుతపులి, నక్కలు, గుంపుగా తిరిగే ఊరకుక్కలు ఇలాంటి చోట సులువుగా దాడి చేస్తాయి. చచ్చిన జీవాలతోనే నష్టం ఆగదు. బెదిరి చెదిరినవి తప్పిపోతాయి, చూలు గొర్రెలు ఈసుకుపోతాయి.

ఈ నష్టాన్ని తగ్గించడానికి మంచి కాపలా కుక్కలు బాగా ఉపయోగపడతాయి. కుక్క జాతి, ఖరీదు కన్నా అది చిన్నప్పటి నుంచి గొర్రెల మధ్య పెరిగిందా లేదా అన్నదే ముఖ్యం.

కాపలా కుక్క ఎలా పనిచేస్తుంది?

మందను తోలే కుక్క వేరు, కాపాడే కుక్క వేరు. తోలే కుక్క జీవాలను వెంబడించి మళ్లిస్తుంది. కాపలా కుక్క మందలోనే తిరుగుతుంది, మందతోనే పడుకుంటుంది. కొత్త వాసన, అలికిడి తగలగానే మొరుగుతూ మందకూ శత్రువుకూ మధ్య నిలబడుతుంది. చాలాసార్లు కొట్లాట లేకుండానే అడవి జంతువు వెనక్కి పోతుంది. ఆ అరుపుకే కాపరి కూడా మేల్కొంటాడు.

హిమాచల్ ప్రదేశ్‌లో గద్దీ కాపరులు తరతరాలుగా ఇలాంటి కుక్కలతోనే కొండల మీదికి వలస వెళ్తున్నారు. ఆఫ్రికాలోని నమీబియాలో చీతాల నుంచి మేకలను, గొర్రెలను కాపాడుకోవడానికి 1994 నుంచి రైతులకు టర్కీ జాతి కాపలా కుక్కలను ఇస్తున్నారు. మన దగ్గర వేరే దేశపు కుక్క అవసరం లేదు. ఎండకు తట్టుకునే నాటు కుక్క చాలు. కుందేలు కనిపిస్తే పరుగెత్తే వేట కుక్కలు ఈ పనికి సరిపోవు. అవి మందను వదిలి పోతాయి.

పిల్లను ఎంచుకోవడం

• తల్లి ఏదైనా మందలో కాపలా కాస్తుంటే ఆ ఈతలోని పిల్లను తీసుకోండి.
• 7, 8 వారాల వయసులో తెచ్చుకోండి. మరీ పిరికిదీ, ప్రతిదానినీ కరవబోయేదీ వద్దు.
• మందకు కనీసం రెండు కుక్కలు ఉండాలి. ఒకటి శత్రువును ఎదిరిస్తే రెండోది మంద దగ్గర ఉంటుంది.
• పశువైద్యుడితో మాట్లాడి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఎదకు వచ్చిన ఆడకుక్క కోసం ఊరి మగకుక్కలన్నీ మంద చుట్టూ చేరతాయి.

పెంపకం: మొదటి నాలుగు నెలలే కీలకం

1. తెచ్చిన రోజు నుంచే పిల్లను గొర్రెపిల్లల పక్కన చిన్న కంచెలో ఉంచండి. పొడిచే పొటేళ్లను దూరంగా పెట్టండి.
2. తిండి, నీళ్లు అక్కడే ఇవ్వండి. ఇంట్లో పిల్లలతో రోజంతా ఆడితే అది మనుషుల వెంట పడుతుంది, మందను పట్టించుకోదు.
3. మీరు పిలిస్తే రావడం, పట్టుకుంటే నిలబడడం మాత్రం నేర్పండి. లేకపోతే సూది మందు వేయించడం కూడా కష్టమవుతుంది.
4. 5 నుంచి 12 నెలల వయసులో కుక్కపిల్ల ఆటగా గొర్రెలను తరుముతుంది, చెవులు, ఉన్ని లాగుతుంది. అప్పటికప్పుడే గట్టిగా అదిలించండి. మానకపోతే కొన్నాళ్లు మెడకు తేలికైన గుది కట్టండి. కర్ర మోకాళ్లకు తగులుతుంటే పరుగెత్తలేదు.
5. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నిండే వరకు ఒంటరిగా కాపలాకు వదలకండి.

తిండి

ఆకలితో ఉన్న కుక్క మందను వదిలి ఊళ్లోకి పోతుంది. రోజూ ఒకే వేళకు, మంద దగ్గరే పెట్టండి. సంగటి, జొన్న రొట్టె, అన్నంలో మజ్జిగ లేదా పాలు కలపండి. గుడ్డు, ఉడికించిన మాంసం వీలైనప్పుడల్లా ఇవ్వండి. ఉల్లి వేసిన కూర పెట్టవద్దు.

టీకాలు, నట్టల మందు తప్పనిసరి

• రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, తర్వాత ఏటా వేయించండి. పార్వో, డిస్టెంపర్ టీకాలు 6–8 వారాల నుంచి డాక్టర్ చెప్పిన ప్రకారం వేయించండి.
• పెద్ద కుక్కలకు మూడు నెలలకోసారి బద్దె పురుగులకు పనిచేసే నట్టల మందు తాగించండి.
• చచ్చిన గొర్రె పేగులు, కాలేయం, తలకాయ పచ్చిగా కుక్కకు వేయకండి. లోతుగా పూడ్చండి. వాటిలోని తిత్తులను తిన్న కుక్క కడుపులో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు పేడతో మేతలో కలిసి గొర్రెల మెదడులో నీటి తిత్తులుగా మారతాయి. అలాంటి జీవం తల వంచి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. మరో రకం బద్దె పురుగు వల్ల మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో కూడా తిత్తులు వస్తాయి. కుక్కను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.
• కుక్క ఎవరినైనా కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, పారే నీటి కింద కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చిరుతపులి ఉన్న చోట

చిరుతకు కుక్క కూడా ఆహారమే. అక్కడ కుక్కను ఒంటరిగా కట్టేస్తే అది ఎరగా మారుతుంది. రాత్రి కుక్కలను విప్పి మంద మధ్యలో ఉంచండి. చిరుత మెడ పట్టుకుంటుంది కాబట్టి గద్దీ కాపరుల్లాగా మొనలున్న ఇనుప పట్టీ వేయండి. మంద చుట్టూ వల కట్టి, గొర్రెపిల్లలను లోపలి వైపు పెట్టండి. దీపం వెలిగించి, వంతుల వారీగా కాపలా ఉండండి. కుక్కలు మనిషి కాపలాకు తోడు మాత్రమే.

చట్టం, ఇరుగుపొరుగు

తోడేలు, చిరుతలకు విషం పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ విషం తిని మీ కుక్కలే చచ్చిపోవచ్చు. కుక్కలను అడవిలో వేటకు తిప్పకండి. దాడి జరిగితే కళేబరాన్ని కదల్చకుండా ఫొటోలు తీసి, అటవీ సిబ్బందికి, పశువైద్యుడికి వెంటనే తెలపండి. పొలంలో మంద పెట్టేటప్పుడు కుక్కలున్నాయని రైతుకు, కూలీలకు ముందే చెప్పండి.

ఇప్పుడు తెచ్చిన పిల్ల వచ్చే వలసకు పూర్తిగా తయారు కాదు. ఆ తర్వాతి వలసకు పనికొస్తుంది. కాబట్టి మీ దగ్గరున్న కుక్క ముసలిది కాకముందే దాని పక్కన ఒక పిల్లను పెంచడం మొదలుపెట్టండి. పెద్ద కుక్కను చూసి అది పని త్వరగా నేర్చుకుంటుంది.