గాల్లో గంట... గుండెలో గుబులు!

‘‘కొడుకు టికెట్టు తీసినాడంట. విమానంలో రమ్మంటాడు. నేను పోనే పోను. రైలైతే కూచుంటా, బస్సైతే పండుకుంటా. దాంట్లో యాడ పట్టుకోవాల?’’

కర్నూలు, కడప ఇళ్లలో ఈమధ్య తరచూ వినిపించే మాటలివి. పిల్లలు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో స్థిరపడ్డారు. కూతురి కాన్పుకో, మనవడి పుట్టువెంట్రుకలకో, కంటి ఆపరేషన్‌కో పెద్దవాళ్లు బయల్దేరక తప్పడం లేదు. రాత్రంతా బస్సులో కూర్చుంటే నడుము పట్టేస్తుంది. విమానం అంటే గుండె పట్టేస్తుంది. చివరికి ‘మీరే రాండి నాయనా’ అని ఫోన్ పెట్టేస్తారు. మనవరాలి బారసాల వీడియోకాల్‌లో జరిగిపోతుంది.

నిజానికి ఈ భయం ఒకటి కాదు, రెండు. పడిపోతుందేమో అన్నది పైకి చెప్పే భయం. లోపల మరొకటి ఉంటుంది. ‘ఎక్కడ నిలబడాలో తెలీదు, ఇంగ్లీషులో ఏదో అడుగుతారు, నలుగురిలో నగుబాటవుతాం’ అన్న బెంగ. చాలామందిని ఆపేది ఈ రెండోదే. తీరేది కూడా ఇదే తేలిగ్గా!

మరిచిపోలేని సెప్టెంబరు

మొదటి భయాన్ని కొట్టిపారేయడం మన ప్రాంతంలో కుదరదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలింది ఎక్కడో కాదు, కర్నూలు జిల్లా నల్లమలలోని పావురాలగుట్ట మీద. టీవీల ముందు తెల్లవార్లూ కూర్చున్న ఇళ్లు ఇంకా ఆ రాత్రిని మరిచిపోలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం పైకి లేచిన కాసేపటికే కూలి, లోపలున్నవారిలో ఒకే ఒక్కరు బతికారు. అవి చూశాక ‘ఏం కాదులే’ అంటే ఎవరు నమ్ముతారు?

అయితే ఒక మాట. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు పక్కనే చిన్నటేకూరు దగ్గర, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు మంటల్లో చిక్కుకుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే కాలిపోయారు. ఆ తర్వాత కూడా మనం రాత్రి బస్సులు ఎక్కుతూనే ఉన్నాం. బస్సు అలవాటైన ప్రమాదం, విమానం అలవాటు లేని ప్రమాదం. తేడా అంతే. పైగా కొండల మధ్య వాన మబ్బుల్లో తక్కువ ఎత్తున వెళ్లే హెలికాప్టర్‌కీ, ఇద్దరు పైలట్లతో, రాడార్ కంట కనిపిస్తూ, కొండలకు ఎంతో పైన వెళ్లే ప్రయాణికుల విమానానికీ పోలిక పెట్టకూడదు.

మన ఊళ్లోనే మొదలు

తొలిసారి ఎక్కేవారికి శంషాబాద్ కన్నా కడప, ఓర్వకల్లు మేలంటాను. ఎందుకో చెప్పే ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

కడప విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రారంభమైంది. విమానాలు వచ్చాయి, ఆగాయి. 2017 ఏప్రిల్ 27న ‘ఉడాన్’ పథకం మొదలైనప్పుడు ప్రధాని సిమ్లా నుంచి జెండా ఊపిన తొలి మార్గాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లు రూ.2,500కే ఇవ్వాలన్నది అప్పటి లెక్క. ఆ మార్గంలో తిరిగిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. మార్చి నెలాఖరు నుంచి ఇండిగో వచ్చింది. ఇక కర్నూలుకైతే నంద్యాల దారిలో, ఓర్వకల్లు రాళ్ల మధ్య కట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 28 నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలయ్యాయి. 2025 జులైలో విజయవాడ కూడా చేరింది.

ఈ చరిత్రంతా ఎందుకంటే... మన దగ్గర విమానం ఆర్టీసీ బస్సు లాంటిది కాదు. వారంలో కొన్ని రోజులే ఉండొచ్చు, సీజన్ మారితే మారిపోవచ్చు. పక్కింటివాళ్లు పోయినేడు వెళ్లిన విమానం ఈ ఏడాది ఉంటుందని నమ్మకండి. తెల్లారితే ముహూర్తం అన్న పెళ్లికి ముందురోజు సాయంత్రం విమానం మాత్రం అసలే పెట్టుకోవద్దు. అది రద్దయితే టికెట్టు డబ్బులు తిరిగొస్తాయి, మూడు ముళ్లు తిరిగిరావు!

చిన్న విమానాశ్రయంలో వాకిలి ఒకటే, తనిఖీ వరుస ఒకటే. దారి తప్పాలన్నా తప్పలేరు. పది గేట్లు, పైనా కిందా అంతస్తులు, మెరిసే నేల మీద కిలోమీటరు నడక... ఇవన్నీ శంషాబాద్, దేవనహళ్లి వైభవాలు. వాటిని దిగేటప్పుడు చూద్దురుగాని. దిగేటప్పుడు గుంపు వెంట నడిస్తే చాలు, ఎక్కేటప్పుడే అన్నీ మనం వెతుక్కోవాలి. ఢిల్లీకో, కాశీకో వెళ్లే కర్నూలువారికి శంషాబాద్ తప్పదు. హైదరాబాద్ బస్సు ఎలాగూ ఆ దారినే పోతుంది కాబట్టి ఊళ్లోకి వెళ్లి వెనక్కి రావాల్సిన పనిలేదు, శంషాబాద్‌లోనే దిగిపోవచ్చు.

సోనామసూరి బస్తా... ఎండుకొబ్బరి చిప్ప

అసలు తగవు సామాను దగ్గరే. కొడుకింటికి వెళ్తూ ఉత్త చేతులతో పోతారా? సోనామసూరి బియ్యం, శనక్కాయలు, ఎర్రకారం, ఊరగాయ, నువ్వుల ఉండలు... ఇన్నీ కావాలి. దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా లోపల వేసే పెట్టె 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. దాటితే కిలోకి ఇంతని వసూలు చేస్తారు. ఆ డబ్బుతో బెంగళూరులో అదే బియ్యం కొనొచ్చు. ఇంట్లోనే తూకం వేసుకోండి. పాతిక కిలోల బస్తా బస్సుకే ముద్దు.

ఊరగాయ, కారంపొడి, నెయ్యి చేతి సంచిలో పెట్టొద్దు. తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. సీసా మూతకు పాలిథిన్ కట్టి, పాత చీరలో చుట్టి పెద్ద పెట్టెలో సర్దాలి. అవ్వల ఆకువక్క సంచిలోని అడకత్తెర, కత్తి, కత్తెర కూడా అందులోకే. ఎండుకొబ్బరి మాత్రం రెండింట్లోనూ వద్దు. వినడానికి వింతే! నూనె ఎక్కువగా ఉండి తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉందని ప్రపంచమంతా విమానాల్లో దాన్ని ప్రమాదకరమైన సరుకుల్లో కలిపారు. అగ్గిపెట్టె, లైటరు కూడా ఇంటి దగ్గరే వదలాలి. సెల్‌ఫోన్ పవర్‌బ్యాంక్ దీనికి తిరకాసు. అది పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్, డాక్టరు చీటీ, నగలు... ఇవి మీ ఒళ్లోనే ఉండాలి. కంటి ఆపరేషన్‌కి వెళ్లేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. రెటీనా ఆపరేషన్‌లో కొందరికి కంట్లో గ్యాసు నింపుతారు. పైకి వెళ్లేకొద్దీ ఆ గ్యాసు వ్యాకోచించి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, చూపే పోవచ్చు. అది కరిగిందని డాక్టరు చెప్పేదాకా తిరుగు ప్రయాణం రైల్లోనో, బస్సులోనో. వెళ్లేటప్పుడే రానూపోనూ టికెట్లు తీసేసే పిల్లలు ఇది డాక్టరును అడిగి తీరాలి.

మరో చిక్కు పేరు. ఆధార్‌లో ‘లక్ష్మీదేవమ్మ’ అని ఉంటే టికెట్టు మీద ముద్దుగా ‘లక్ష్మి’ అని కొట్టించకండి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందో, పూర్తిగా ఉందో చూసి అలాగే రాయించాలి. వాకిలి దగ్గర జవాను టికెట్టునూ కార్డునూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. గేటు పాతిక నిమిషాల ముందు. ‘అన్నా, ఒక్క నిమిషం’ అంటే ఆపడానికి అక్కడ కండక్టరు ఉండడు. రెండు గంటల ముందు చేరితే నిమ్మళం.

తనిఖీలో ఆడవాళ్లకు వేరే వరుస. తెర చాటున ఆడ పోలీసే చూస్తుంది. గాజులకో, తాళిబొట్టుకో యంత్రం కూత పెడితే కంగారు పడొద్దు, రోజంతా అది కూస్తూనే ఉంటుంది. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. నడవలేనివారికి చక్రాల కుర్చీ ఇస్తారు, టికెట్టు తీసేటప్పుడే అడగాలి. ‘నేనేమన్నా కుంటిదాన్నా?’ అని అలిగే అమ్మలుంటారు. మోకాళ్ల నొప్పులున్నవారికి పెద్ద విమానాశ్రయంలో అది లేకపోతే నరకమే.

పైకి లేచాక...

మన ఊళ్ల నుంచి ఎక్కువగా తిరిగింది పంకాల విమానాలే. ఏటీఆర్ అంటారు. డెబ్బై మందికి పైగా పడతారు. వెనక వైపు నుంచి నాలుగు మెట్లెక్కితే లోపల. రెక్క తలపైన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి నేల బాగా కనిపిస్తుంది. పంకాలు ముందు సీట్లకు దగ్గర. చప్పుడు పడనివాళ్లు వెనక సీటు అడగడం నయం.

బెల్టు ఎలా పెట్టాలో, ఎలా తీయాలో హోస్టెస్ చేతులతో చూపిస్తుంది. మాటలు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటాయి. మాట అర్థం కాకున్నా చేతులు చూస్తే చాలు. నేల విడిచిన కాసేపటికి కింద ‘దడేల్’మని చప్పుడు. చక్రాలు లోపలికి ముడుచుకోవడం అది. మరికాసేపటికి ఇంజిన్ హోరు ఒక్కసారిగా తగ్గుతుంది. తొలిసారి ఎక్కేవారి గుండె జారేది ఇక్కడే! ఇంజిన్ ఆగలేదు. ఎక్కడానికి కావాల్సినంత బలం ఇక అక్కర్లేదని పైలట్ తగ్గించాడు. ఎద్దులబండి గట్టెక్కాక ములుకోల దించినట్టు.

ఊగడం సంగతీ అంతే. మన సీమ నేల ఎండాకాలం మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. రాళ్ల మీద నుంచి వేడి గాలి పైకి తన్నుకొస్తుంది. చిన్న విమానం ఆ గాలి మీద గతుకుల రోడ్డు మీది జీపులా ఎగురుతుంది. రెక్కలు అంతకు ఎన్నో రెట్ల కుదుపును తట్టుకునేలా కట్టినవే. బెల్టు మాత్రం విప్పకూడదు. మార్చి నుంచి జూన్ దాకా వెళ్లేవారికి పొద్దుటి విమానం ఉంటే అదే ఎంచుకోండి. నేల చల్లగా ఉన్నప్పుడు గాలీ నెమ్మదిగా ఉంటుంది.

దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. చెవి లోపలి గాలి, బయటి గాలి సమానం కావడానికి గొంతులోంచి ఒక సన్నటి గొట్టం ఉంది. మింగినా, ఆవులించినా అది తెరుచుకుంటుంది. చెంగున రెండు లవంగాలో, చాక్లెట్లో కట్టుకోండి. చంటిబిడ్డకు ఆ సమయంలోనే పాలు పట్టాలి. బాగా జలుబు చేసి ఉంటే ప్రయాణం వాయిదా వేయడం మంచిది.

నగరంలో కాలు పెట్టాక

విమానం దిగాక సామాను పట్టీ మీద తిరుగుతూ వస్తుంది. నల్ల పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి కనుక పిడికి ఎర్ర గుడ్డ కట్టుకుని వెళ్లండి. కదిలే మెట్లంటే విమానం కన్నా ఎక్కువ హడలు చాలామందికి. చీర కుచ్చెళ్లు అందులో చిక్కుకునే ప్రమాదం నిజమే. పక్కనే లిఫ్టు తప్పకుండా ఉంటుంది, అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం... పిల్లలు వచ్చి ఫోన్ చేసేదాకా బయటికి రావద్దు. ఒకసారి బయట కాలు పెడితే మళ్లీ లోపలికి రానివ్వరు. లోపల చల్లగా కుర్చీలున్నాయి, నీళ్లున్నాయి, బాత్రూములున్నాయి. బయట ‘టాక్సీ అమ్మా, టాక్సీ’ అని సంచి లాక్కునేవారుంటారు. పిల్లలు రాలేకపోతే శంషాబాద్‌లో ఆర్టీసీ పుష్పక్ బస్సులు, బెంగళూరులో వాయువజ్ర బస్సులు ఉన్నాయి. చెన్నైలో విమానాశ్రయంలోనే మెట్రో స్టేషన్. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి జాకెట్టులోనో, జేబులోనో పెట్టుకోవాలి. ఫోన్‌లో ఉంది కదా అనుకుంటే ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

ఇంత చెప్పినా ‘చదువు లేనిదాన్ని, నాకెట్లా?’ అనే అమ్మలకు రాజంపేట, రాయచోటి పల్లెల సంగతి చెప్పండి. ఆ ఊళ్లలో చాలా ఇళ్లలో తొలిసారి విమానం ఎక్కింది ఆఫీసర్లు కాదు, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు. సంతకం తప్ప చదువు రానివాళ్లు, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి, కళ్లు తుడుచుకుంటూ, భాష తెలియని దేశంలో దిగారు. 1990లో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా ఎడారి దాటి వచ్చి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరినవారిలో మనవాళ్లూ ఉన్నారు. మీ వీధిలో అలాంటి అక్క ఒకరుంటే ప్రయాణానికి ముందు ఓ గంట ఆమె దగ్గర కూర్చోండి. ఈ వ్యాసం కన్నా బాగా చెబుతుంది.

ఇక తిరుగు ప్రయాణం. ఇక్కడ ఓర్వకల్లుకు ఆటోలో వెళ్లినంత తేలిక కాదు అక్కడ. బెంగళూరు ఊరి నడుమ నుంచి దేవనహళ్లికి ముప్పై కిలోమీటర్ల పైమాటే, ట్రాఫిక్ ఎక్కడ ఆపుతుందో దేవుడికే తెలియాలి. ఇల్లు నాలుగు గంటల ముందే కదలాలి. గంట ప్రయాణానికి నాలుగు గంటల ముందు బయల్దేరడమేందని పెద్దాయన దారి పొడవునా విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, కాఫీ కోసం కారు మాత్రం ఆపొద్దు.