సింగపూరు శునకాలకు సోకిన నెత్తుటి జబ్బు

భూమధ్యరేఖకు నూరు మైళ్ళ లోపున ఉన్న ద్వీపం సింగపూరు. అక్కడ చలికాలమన్నది లేదు. ఏడాది పొడవునా ఉక్కయే, ఏడాది పొడవునా వానయే. 1963లో ఆ ద్వీపంలోని బ్రిటిష్ సేనల శునకాలలో ఒక వింత వ్యాధి బయలుదేరినది. నిన్నటి వరకు ఆరోగ్యంగా కనిపించిన కుక్కకు ఒకనాడు ముక్కు నుండి నెత్తురు కారడం మొదలవుతుంది. ఎంతకూ ఆగదు. చిగుళ్ళు పాలిపోతాయి, పొట్ట చర్మంపై ఎర్రని పొడలు లేస్తాయి, కాళ్ళు వాస్తాయి. రక్తాన్ని పరీక్షించి చూస్తే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, నెత్తురును గడ్డకట్టించే రక్తఫలకికలు, మూడూ క్షీణించి ఉంటాయి. వాటిని పుట్టించే ఎముకల మజ్జయే వేసవి చెరువు వలె ఎండిపోయినదన్నమాట.

కారణం తెలియని జబ్బుకు పేర్లు మెండు. రక్తస్రావ జ్వరమని కొందరు, శునక టైఫస్ అని కొందరు, జాడ తీసే కుక్కల జబ్బని మరికొందరు అన్నారు. చివరకు శాస్త్రజ్ఞులు ఉష్ణమండల శునక సర్వరక్తకణ క్షీణత అనే బరువైన పేరు పెట్టారు. ఆ పేరులో లక్షణం ఉన్నదే గాని కారణం లేదు.

ఇంతలో వ్యాధి సముద్రం దాటినది. సింగపూరుకు ఎదుటి మలయా అడవులలో బ్రిటిష్ వారు నడిపిన శిక్షణాలయంలో, జాడ తీసే విద్య నేర్చిన లాబ్రడార్ కుక్కలను అమెరికన్లు 1966 నుండి వియత్నాం యుద్ధానికి తీసుకొనిపోయారు. వాటితోనే జబ్బు వచ్చి ఉంటుందని పలువురు భావించారు. 1968 నుండి 1970 వరకు అక్కడ నూరుకు పైగా సైనిక శునకాలు ఈ వ్యాధికి బలియైనవి. అల్సేషియన్ జాతి మరీ నష్టపోయినది. యుద్ధం ముగిసే నాటికి బ్రతికి ఉన్న కుక్కలలో అత్యధిక భాగాన్ని స్వదేశానికి తీసుకొనిపోలేదు. ఈ జబ్బు భయం అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. సైనికుల ముందు నడిచి, పొంచి ఉన్న ప్రమాదాన్ని వాసనతో పసిగట్టి వారిని కాపాడిన జీవాలకు దక్కిన ప్రతిఫలం అది.

విచిత్రమేమనగా దోషి అప్పటికే పట్టుబడి ఉన్నాడు. 1935లో అల్జీరియాలో దొనాతియెన్, లెస్తోకార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పిడుదులు పట్టిన కుక్కల తెల్ల రక్తకణాలలో ఒక సూక్ష్మజీవిని చూచారు. 1945లో దానికి పాల్ ఎర్లిక్ పేరు మీదుగా ఎర్లికియా కానిస్ అని నామకరణం జరిగినది. అయినను చాలా కాలం దానిని పెద్ద ప్రమాదంగా ఎవరూ ఎంచలేదు. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధనాలయం వారు రోగి కుక్కల రక్తాన్ని ఆరోగ్యమైన కుక్కలకు ఎక్కించి చూచిన తరువాత గాని, అల్జీరియా జ్వరమూ సింగపూరు రక్తస్రావమూ ఒకే జబ్బుకు మొదలూ తుదీ అని తేలలేదు.

ఆ మొదలుకూ తుదికీ నడుమ ఉన్న కాలమే మోసం చేసినది. పిడుదు కరచిన రెండు మూడు వారాలలోపున కుక్కకు జ్వరం వస్తుంది. మేత తగ్గుతుంది, కళ్ళు పుసులు కడతాయి. కొద్ది వారాలలో చాలా వరకు తగ్గిపోతుంది. యజమాని ఊరట చెందుతాడు. కాని క్రిమి ప్లీహంలో దాగి ఉంటుంది. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, కుక్క ఆడుతూనే, కాపలా కాస్తూనే ఉంటుంది. కొన్నింటికి ఆ క్రిమి పూర్తిగా పోతుంది. కొన్నింటికి మాత్రం మజ్జ నశించి ముక్కు నుండి నెత్తురు వస్తుంది. అప్పుడు ఆ పాత జ్వరం ఎవరికి గుర్తుంటుంది?

ఇక మోసుకొని వచ్చే పిడుదు సంగతి. గోధుమ వన్నె గల ఈ కుక్క పిడుదుకు జీవితంలో మూడు భోజనాలు: ఆరు కాళ్ళ పిల్లగా ఒకటి, ఎనిమిది కాళ్ళ పడుచుగా ఒకటి, పెద్దదైన తరువాత ఒకటి. ప్రతి భోజనానికీ కుక్కనెక్కి, కడుపు నిండగానే దిగిపోయి, గోడ పగుళ్ళలో కుబుసం విడుస్తుంది. ఆడది గోడలెక్కి ఏ సందులోనో వేలకొద్దీ గ్రుడ్లు పెట్టి చనిపోతుంది. శీతల దేశాలలో చలి దీని వేగాన్ని అణచుతుంది. సింగపూరు వంటి చోట తరం తరువాత తరం ఆగకుండా సాగుతుంది. అయితే ఎర్లికియా పిల్ల పిడుదు నుండి పెద్దదానికి సంక్రమిస్తుందే గాని గ్రుడ్లలోనికి పోదు. కనుక ప్రతి కొత్త తరమూ ఏదో ఒక రోగి కుక్క నుండి దానిని తెచ్చుకోవలసినదే. జ్వరం వచ్చిన తొలి వారాలలోనే, అనగా యజమాని చిన్న నలతగా తలచే రోజులలోనే, పిడుదులకు అది సులభంగా అంటుతుంది. అట్లు అంటిన పిడుదు ఐదు నెలల తరువాత కూడ మరొక కుక్కకు అంటించగలదు.

పిడుదు మీద ఈ నేరారోపణ కొత్తది కాదు. అమెరికాలో పశువుల జ్వరాన్ని మోసేది పిడుదేనని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే నిరూపించారు. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినది 1897లో. మన పాఠ్యపుస్తకాలలో దోమకున్న ప్రసిద్ధి పిడుదుకు లేకపోయినది! ఈ కుక్క పిడుదే ఎర్ర కణాలను పగులగొట్టే బబేసియాను కూడ మోస్తుంది. అది గ్రుడ్లలోనికీ దిగుతుంది. మరొక క్రిమి హెపటోజూన్. అది కాటు వలన రాదు. ఒళ్ళు నాకుకొంటూ కుక్క పిడుదును మ్రింగితే వస్తుంది.

ఎర్లికియాకు విరుగుడు టెట్రాసైక్లిన్ జాతి ఔషధాలు. వియత్నాంలో చికిత్సకే గాక, వ్యాధి రాకుండ ముందుజాగ్రత్తగా కూడ వాటిని కుక్కలకు నోటి ద్వారా ఇచ్చారు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను లెడర్లీ పరిశోధనాలయంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. 1948లో అది లోకానికి వెల్లడియైనది. అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. నేడు పశువైద్యులు అదే జాతికి చెందిన డాక్సీసైక్లిన్‌ను సుమారు నాలుగు వారాలు వాడుతున్నారు. తొలి జ్వరంలో ఇచ్చిన మందుకు కుక్క ఒకటి రెండు రోజులలోనే తేరుకొంటుంది. మజ్జ ఎండిన తరువాత అదే మందు చాలా తడవలు వ్యర్థమే.

కనుక కుక్క చెవి లోపలా, వ్రేళ్ళ సందులలోనూ ప్రతిదినమూ తడవి చూడడం, మందులు పూయడం ఎంత అవసరమో, అది పడుకొనే చోటు గోడలను పరిశీలించడమూ అంతే అవసరం. ఏ వేళనైనా పిడుదులలో కుక్క పైన ఉండేవి కొన్నే. తక్కినవి సున్నం పెచ్చుల వెనుక, మెట్ల సందులలో, చూరు మూలలలో తమ తరువాతి భోజనం కొరకు కాచుకొని ఉంటాయి.