పడి లేచిన రౌతులు

సిద్దిపేట జిల్లాలోని వర్గల్ గ్రామమున శంభునికొండపై విద్యాసరస్వతీదేవి ఆలయము కలదు. 1992లో ప్రతిష్ఠ జరిగిన ఈ క్షేత్రమునకు వసంతపంచమినాడు తల్లిదండ్రులు వేల సంఖ్యలో బిడ్డలతో వచ్చి అక్షరాభ్యాసము చేయింతురు. పలకపై దిద్దిన అక్షరము వంకరపోయినచో తుడిచి మరల వ్రాయింపవచ్చును. అన్ని విద్యలకును ఈ సౌలభ్యము లేదు. మన పూర్వులు శాస్త్రముగా గణించిన అశ్వవిద్యలో దొరలిన తప్పు పలకమీద కాక ఎముకమీద నమోదగును. రాతిగుట్టలును, మొరపనేలయును గల ఈ తెలంగాణా సీమలో గుర్రముమీదినుండి జారినవానికి భూమి మెత్తని పరుపు కానేరదు.

ఇది చిన్న విద్య కాదు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి యను పేర అశ్వశాలను చూచుకొనెనని తిక్కనగారి విరాటపర్వము చదివిన వారందరు ఎరుగుదురు. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని గుర్రపు నడకలను అమరకోశము ఐదు విధములుగా చెప్పినది. కాకతీయుల కాలమున గజాశ్వములపై అధికారము గల వారిని సాహిణులనిరి. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని గణపతిదేవుని గజసాహిణి. అశ్వవైద్యమునకు ఆద్యుడని చెప్పబడు శాలిహోత్రుని పేరే కాలక్రమమున ఉత్తరాది భాషలలో 'సాలోత్రి' యై పశువైద్యునికి వాచకమైనది.

అయినను గుర్రము దక్షిణదేశమున సులభముగా పెరుగు జంతువు కాదు. మేలుజాతి గుర్రములు అరేబియా, పారసీక తీరములనుండి ఓడలమీద రావలసియుండెను. సాళువ నరసింహరాయలు సముద్రముమీద చనిపోయిన గుర్రమునకు సైతము తోక తెచ్చి చూపినచో వెల చెల్లించెడివాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియుంచెను. కృష్ణదేవరాయలను కన్నులార చూచిన పేయిస్ అను మరియొక పోర్చుగీసువాడు ఆయన దినచర్యను వర్ణించెను. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రావి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో పెనగులాడి, ఆపైన గుర్రమెక్కి మైదానమున వెలుగు వచ్చువరకు అటునిటు దౌడు తీయించెడివాడట. ఇంత సాధన వినోదమునకు కాదు. యుద్ధమున గుర్రముమీదినుండి పడిన రౌతు సగము చచ్చినవాడే యని ఆనాటివారు ఎరుగుదురు.

జీనుమీద గడచిన జీవితములో దేహము ఎన్ని దెబ్బలను దాచుకొనునో తెలుపుటకు హైదరాబాదు చరిత్రలోనే ఒక ఉదాహరణము దొరకును. 1896 నవంబరులో హైదరాబాదున గోల్కొండ కప్పు కొరకు పోలో పందెములు జరిగెను. ఆతిథేయులైన గోల్కొండ బ్రిగేడువారి జట్టే గెలుచునని అందరును అనుకొనిరి. బెంగుళూరునుండి వచ్చిన నాలుగవ హుస్సార్ల పటాలము ఇంగ్లండునుండి దిగి రెండు నెలలైనను కాలేదు. అయినను వారు గోల్కొండవారిని తొమ్మిది గోళ్ళకు మూడుగా ఓడించి, తుదకు కప్పును చేకొనిరి. ఆ జట్టులో ఇరువదియొక్క యేండ్ల యువకుడొకడుండెను. అతని పేరు విన్‌స్టన్ చర్చిల్. భారత స్వాతంత్ర్యమునకు ఆయన చూపిన వైరమును తెలుగువారు మరువలేరు, మరువవలసిన అవసరమును లేదు. ఇక్కడ ప్రస్తుతము ఆయన రాజకీయము కాదు, ఆయన కుడిభుజము.

చర్చిల్ స్వారీశిక్షణ 1895లో ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్‌లో పటాలమున జరిగెను. జీను లేని గుర్రము నడచుచుండగనే ఎక్కుట, దిగుట, రికాబులు లేక అడ్డుకఱ్ఱలు దూకించుట ఆ శిక్షణలోని అంశములు. తొడలోని పొడవైన కండరము బెణికి బాధించుచున్నను సెలవు దొరకదు. అధికారి నేలపై పడినప్పుడెల్ల క్రొత్తగా చేరిన సిపాయిలు నోరు మూసుకొని నవ్వెడివారు. అదియు శిక్షణలో భాగమే.

అయితే ఆయనను జీవితాంతము వెంటాడిన దెబ్బ గుర్రముమీద తగిలినది కాదు. 1896 అక్టోబరులో బొంబాయి ససూన్ రేవున పడవనుండి మెట్లపైకి ఎక్కుచు గోడకున్న ఇనుపకడియమును పట్టుకొనెను. అంతలో పడవ అలపై తొలగెను. ఆ కుదుపునకు భుజపుకీలు దెబ్బతినెను. అది మొదలు ఎప్పుడు జారునో తెలియని భుజమది. నిద్రలో చేయి తలక్రింద పెట్టుకొన్నను, బీరువాలోని పుస్తకమునకై చేయి చాచినను, ఈత కొట్టినను కీలు తొలగెడిది. పార్లమెంటులో ఆవేశముతో చేయి విసరి ప్రసంగించుచు ఒకమారు భుజము తప్పబోయెనని ఆయనయే వ్రాసికొనెను. పోలో ఆడవలెనన్న మోచేతిని పట్టీతో ప్రక్కకు బిగించి కట్టుకొనవలసివచ్చెను. 1899లో జోధ్‌పూరున మెట్లపై జారిపడగా అదే భుజము మరల తొలగెను. కొలది దినములకే మీరట్‌లో పటాలముల మధ్య జరిగిన తుదిపోటీలో కట్టిన చేతితోనే ఆడెను. ఆయన జట్టు గెలిచెను.

ఈ గాయమునకు మరియొక ఫలితమును కలదు. 1898 సెప్టెంబరు 2వ తేదీన సూడానులోని ఓమ్‌దుర్మాన్ రణరంగమున చర్చిల్ అశ్వదళముతో కలసి శత్రువులలోనికి దూకెను. భుజము కత్తి దూయుటకు అక్కరకు రాదను భయముచేత ఆయన మౌజర్ పిస్తోలు చేబూనెను. కత్తితో పోయియున్నచో తాను బ్రతికి బయటపడియుండునో లేదో యని తరువాతికాలమున తలపోసెను. కీడులో మేలు అనునది ఇట్టిదేనేమో!

అందరి అదృష్టము ఇట్లుండదు. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరున చౌగాను ఆడుచు గుర్రముతో కూడ పడి మరణించెను. ఇంగ్లండు రాజు మూడవ విలియము 1702లో స్వారి చేయుచుండగా గుర్రపు కాలు పందికొక్కు వంటి చిన్నజంతువు త్రవ్విన మట్టిదిబ్బపై తొట్రుపడెను. రాజునకు మెడయెముక క్రింది జత్రువు విరిగెను. ఆపైన జబ్బుచేసి కొలదిదినములలో కన్నుమూసెను. శత్రువులు ఆ జంతువు క్షేమమును కోరి మధుపానము చేసిరట! రాజ్యములను ఏలినవాడు బొరియ త్రవ్వు జీవి చేత పడుట గుర్రపు స్వారిలోని విచిత్రము.

ఆధునిక కాలమున డిక్ ఫ్రాన్సిస్ అను ఆంగ్ల రౌతు కథ మరియొక తీరున సాగినది. ఆయన 1953–54లో ఇంగ్లండు అడ్డుదూకుడు పందెములలో అగ్రస్థానము పొందెను. జత్రువు ఎన్నిమార్లు విరిగినదో లెక్కించుట కష్టము. 1956లో గ్రాండ్ నేషనల్ పందెమున గెలుపుగీత కొలదిగజముల దూరముననుండగా ఆయన ఎక్కిన డెవన్ లాక్ అను గుర్రము హఠాత్తుగా కూలబడెను. 1957లో మరియొక గాయము తరువాత స్వారి మాని కలము పట్టెను. గుర్రపు పందెములు నేపథ్యముగా నలుబదికి పైగా అపరాధపరిశోధన నవలలు వ్రాసి లోకప్రసిద్ధుడయ్యెను. 1995లో అమెరికాలో 'సూపర్‌మేన్' నటుడు క్రిస్టఫర్ రీవ్ అడ్డుకఱ్ఱ దూకించుచుండగా గుర్రము ఆగిపోయెను. ఆయన తలక్రిందుగా పడగా మెడలోని వెన్నుపాము దెబ్బతిని కాలుసేతులు చచ్చుపడెను. 2004లో మరణించువరకు చక్రాలకుర్చీలోనే యుండి వెన్నుపాము వ్యాధులపై పరిశోధనకై పాటుపడెను. ఆయన శిరస్త్రాణము ధరించియే యుండెను. అది పుఱ్ఱెను కాపాడును గాని మెడను కాపాడజాలదు.

పతనము ఎట్లు సంభవించునో గమనించిన వారికి ఇందులో దైవికమెంతయో, మానుషమెంతయో తెలియును. గుర్రము సుమారు 450 కిలోల బరువు గలది. దానిపై కూర్చున్న మనిషి తల నేలకు రెండున్నర మీటర్ల యెత్తున నుండును. పడుచున్నవాడు అసంకల్పితముగా చేయి చాచును. దేహభారమంతయు ఆ చేతిమీద పడి మణికట్టో, జత్రువో, భుజపుకీలో దెబ్బతినును. పాదము రికాబులో చిక్కుకొన్నచో గుర్రము ఈడ్చుకొనిపోవును. అందుచేతనే మడమ గల పాదరక్షలు తొడిగి, పాదము ముందుభాగము మాత్రమే రికాబుపై మోపవలెనని చెప్పుదురు.

స్వారి చేయనివారికిని గాయములు తప్పవు. గుర్రము కన్నులు ముఖమునకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును చాలభాగము చూడగలదు గాని, సరిగా వెనుకనున్నది దానికి కనబడదు. కనబడనిది శత్రువేమో యని తన్నును. అధికారి ముందర, గాడిద వెనుక నిలువరాదను మన సామెత గుర్రమునకును వర్తించును. అది పగచేత చేయు పని కాదు. గుర్రము పచ్చిక మేసి, పులిని చూచి పరుగెత్తి బ్రతికిన జాతి. గాలికి ఎగిరిన కాగితము కూడ దానికి పులియే.

ఇచట ఒక అన్యాయమును చెప్పక తప్పదు. చర్చిల్ భుజమును గురించి గ్రంథములు కలవు. ఆయన గుర్రములకు గడ్డి వేసి, మాలీసు చేసి, పొగరుబోతు పిల్లను మొదట లొంగదీసిన సాయీసు చేయి విరిగినచో ఏ గ్రంథమునను చోటు లేదు. హైదరాబాదులో గుర్రపు పందెములు 1868లో మౌలాలీలో ఆరంభమై 1886లో మలక్‌పేటకు మారినవి. గెలిచిన గుర్రముల పేర్లు పట్టికలకెక్కినవి. వానిని తెల్లవారుజామున నడిపించినవారి పేర్లు ఎక్కలేదు. జట్కాబండి తోలినవాడు, పెండ్లికొడుకు గుర్రమును బాణసంచా మ్రోతలనడుమ పట్టి నిలుపువాడు, వీరికి తగిలిన తన్నులు దినకూలి పోవుటతోనే లెక్కకు వచ్చినవి. జీవితాంతపు గాయముల చరిత్ర వ్రాయదలచినచో మొదట వ్రాయవలసినది వీరిదే.

గాయమునకు చికిత్స విషయమున మన దేశమునకు తనదైన సంప్రదాయము కలదు. తిరుపతి సమీపమున పుత్తూరు కట్టు తరతరములుగా ప్రసిద్ధి. కోడిగ్రుడ్డు తెల్లసొనయు, ఆకుపసరును పట్టించి, వెదురుబద్దలతో ఎముకను కదలకుండ కట్టుదురు. సాధారణమైన విరుపునకు కదలిక లేకుండుటయే ప్రధానమైన మందు. కాని ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినను, వ్రేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కినను, తలకు మెడకు దెబ్బ తగిలినను ఆలసింపక ఆసుపత్రికి చేరవలెను. మెడకు దెబ్బతగిలినదను అనుమానమున్నచో పడినవానిని లేవనెత్తి కూర్చుండబెట్టరాదు, శిరస్త్రాణమును లాగివేయరాదు. కదలనీయక యుంచి 108కి కబురుపెట్టుట మేలు. 2005లో హైదరాబాదునుండి ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ నేడు పల్లెలకును అందుచున్నది.

గుర్రపులద్దె కలసిన మట్టిలో ధనుర్వాతపు బీజములు అధికము. కనుక చిన్నగీతయైనను కడిగి, టీకా సంగతి వైద్యునికి చెప్పవలెను. ఇందులో మరియొక చమత్కారము కలదు. 1890లో బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు ధనుర్వాతమునకు విరుగుడు రక్తరసము తయారుచేయవచ్చునని నిరూపించిరి. ఆ తరువాత అట్టి విరుగుళ్ళను చాలకాలము గుర్రముల రక్తమునుండియే తీసిరి. నేటికిని మన ఆసుపత్రులలో పాముకాటునకు ఇచ్చు విరుగుడు గుర్రపు రక్తమునుండి వచ్చినదే. పొలమున పాముకాటు తిని బ్రతికిన రైతు తానెన్నడును గుర్రమెక్కకపోయినను ఒక గుర్రమునకు ఋణపడినవాడే.

పడినవెంటనే మరల గుర్రమెక్కవలెననునది రౌతులలో పాతమాట. ఎక్కకున్నచో భయము మనస్సులో గూడుకట్టుకొనును. ఈ మాట నిజమే గాని సంపూర్ణము కాదు. మెదడు అదిరినవాడు నవ్వుచు లేచి నిలువవచ్చును, తన పేరు చెప్పవచ్చును. ఆ స్థితిలో రెండవమారు పడినచో ప్రాణమునకే ముప్పు. తలకు దెబ్బతగిలిన రౌతును వైద్యుడు అనుమతించువరకు జీనుకు దూరముగా నుంచవలెనని నేటి వైద్యశాస్త్రము ఘోషించుచున్నది. చిరకాలముగా పోలీసు అధికారుల శిక్షణలో స్వారిని భాగము చేసిన హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీవంటి చోటనైనను, నగరశివారులలో పిల్లలకు స్వారి నేర్పు క్రొత్తశాలలయందైనను గురువు మొదట నేర్పవలసినది ఈ వివేకమే. పిల్లవాని ఏడుపు మాన్పుటకు వానిని మరల ఎక్కించుట ధైర్యము నేర్పుట కాదు. ముందు వాని కన్నులలోనికి చూచి, తల త్రిప్పుచున్నదా యని అడుగుట గురుధర్మము.

చర్చిల్ 1927లో మాల్టాద్వీపమున తుదిసారి పోలో ఆడినప్పుడు ఆయన వయస్సు 52. 1948 నవంబరులో, డెబ్బదినాలుగు నిండుటకు కొలదిదినములు ముందు, మరల గుర్రమెక్కి వేటగాండ్ర వెంట బయలుదేరెను. ఆ భుజము ఎన్నడును పూర్తిగా నయము కాలేదు. ఆయన దానిని జయింపలేదు, దానితో ఒడంబడిక చేసికొనెను. ఏ చేతిని ఎంతవరకు ఎత్తవచ్చునో, ఏ ఆయుధమును విడువవలెనో అది ఆయనకు నేర్పెను. దీర్ఘకాలము జీనుపై నిలిచిన రౌతులు పడనివారు కారు. పడిన ప్రతిసారి తమ దేహము చెప్పిన మాటను చెవినిడినవారు.