కొండవేటకు తేలిక తుపాకి

మనుచరిత్రములోని ప్రవరునకు సిద్ధుడొసగిన పాదలేపము దొరకినది. దానిని పూసికొనినంతనే ఆతడు హిమవత్పర్వతమును చేరగలిగెను. మంచునీటికి ఆ లేపము కరగిపోయిన పిదపగాని కొండ యనగా నేమో ఆ బ్రాహ్మణునకు తెలిసిరాలేదు. పాదలేపము లేని తక్కిన మానవులకు అది మొదటి మలుపుననే తెలియును. దూరపు కొండలు నునుపు. దగ్గరకు పోయిన వానికి జారుడు రాళ్ళును, నిలువు చరియలును, అడుగడుగునకు తరిగిపోవు ఊపిరియును ఎదురగును. అట్టి చోట భుజమున మోయు ప్రతి తులమును లెక్కకు వచ్చును. ఉదయమున తేలికగా తోచిన తుపాకి సాయంకాలమునకు రాతిస్తంభమగును.

అందువలననే కొండలలో వేటాడువారు నూరేండ్లకు పైగా ఒకే ప్రశ్నను వేసికొనుచు వచ్చిరి: తుపాకి ఎంత తేలికగా నుండవలెను? ఎంత తేలికైన అంత మేలని మొదట తోచును. కాని నిజము వేరు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను అరికట్టినది. 1991వ సంవత్సరపు సవరణతో ఆ కట్టుబాటు మఱింత బిగిసినది. కావున ఈ ప్రశ్న మనకు ఆచరణకు సంబంధించినది కాదు. అయినను ఉత్తర అమెరికాలోను, ఐరోపాలోను నియమబద్ధముగ కొండవేట నేటికిని సాగుచున్నది. తరగతిలో నేర్చిన న్యూటను సూత్రములు చరియమీద ఒక ప్రాణి బాధను ఎట్లు నిర్ణయించునో చూచుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము అరుదు.

తొలుత తేలిక తుపాకికి ప్రసిద్ధి తెచ్చినది ఆస్ట్రియా దేశము. ఆల్ప్సు పర్వతములలో షామ్వా యను జంతువు కలదు. చూచుటకు మేకవలె నుండును. ముప్పది నలుబది కిలోల బరువు తూగును. మనిషి నిలువలేని శిలలమీద అవలీలగా గంతులు వేయును. దాని వెంట పోవువానికి పెద్ద తుపాకితో పనిలేదు. స్టైర్ పట్టణమున తయారైన 1903వ సంవత్సరపు మాన్‌లిహర్–షోనౌవర్ కార్బైను ఈ అవసరమునకు చక్కగా ఒదిగినది. దాని గొట్టము పొడవు మూరెడు మాత్రమే. గొట్టము కొనవరకు కొయ్య కప్పియుండును. మొత్తము బరువు రమారమి 3 కిలోలు. తూటా వెడల్పు 6.5 మిల్లీమీటర్లు, బరువు 10 గ్రాములకు కొంచెము పైన, వేగము సెకనుకు 700 మీటర్ల ప్రాంతము. నేటి లెక్కలో అది గొప్ప వేగము కాదు. కాని సన్నగా, పొడవుగా ఉన్న ఆ తూటా లోతుగా దిగబడును. కాల్చిన వాని భుజమును అంతగా నొప్పింపదు.

తరువాతి పెద్ద అడుగు అమెరికాలో పడినది. 1925లో వించెస్టరు కంపెనీ .270 అను తూటాను వెలువరించినది. దాని గుండు 8.4 గ్రాములు మాత్రమే. వేగము సెకనుకు 930 మీటర్ల ప్రాంతము. దీనికి కీర్తి తెచ్చినవాడు జాక్ ఓకానర్. ఆతడు అరిజోనా విశ్వవిద్యాలయమున పత్రికారచనను బోధించిన ఉపాధ్యాయుడు. పిదప ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో తుపాకుల శీర్షికను చిరకాలము నిర్వహించెను. అరిజోనా ఎడారి గుట్టలు మొదలు యూకాన్ మంచుకొండల వరకు అడవిగొఱ్ఱెల జాడలను వెదకుచు తిరిగినవాడు. ఆతని ప్రియమైన తుపాకులలో నొకటి వించెస్టరు 70వ నమూనాలోని ‘ఫెదర్‌వెయిట్’, అనగా ‘ఈకబరువు’, రకమునకు చెందినది. ఈ రకము 1952లో బజారునకు వచ్చినది. గొట్టమును సన్నపరచి, కొంత పొట్టిచేసి, కొన్ని ఇనుప భాగములకు బదులు అల్యూమినియమును వాడి, దాని బరువును 3 కిలోల దరికి దింపిరి. ఓకానర్ తన దానికి స్పోకేన్ పట్టణమున అల్ బీసెన్ అను పనివానిచేత అక్రోటు కొయ్య చెక్కించెను. దుర్భిణి బిగించిన తరువాత దాని బరువు మూడున్నర కిలోలకు కొంచెము మించెను. అంతకంటె తేలికచేయుటకు సాధ్యము లేకపోలేదు. అయినను ఆతడు అక్కడ ఆగెను. ఎందుకు ఆగెనో తెలియవలెనన్న భౌతికశాస్త్రమును ఆశ్రయింపవలెను.

ప్రతి చర్యకును సమానమై, వ్యతిరేకమైన ప్రతిచర్య కలదు. గుండు ముందునకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. 8.4 గ్రాముల గుండు సెకనుకు 930 మీటర్ల వేగముతో వెడలినచో దాని ద్రవ్యవేగము సుమారు 7.8 ప్రమాణములు. తుపాకి బరువు 4 కిలోలైనచో అది సెకనుకు రెండు మీటర్లకు కొంచెము తక్కువ వేగముతో వెనుకకు వచ్చును. 3 కిలోలైనచో ఆ వేగము 2.6 మీటర్లగును. గతిశక్తిని లెక్కించినచో మొదటిది 7.6 జౌళ్ళు, రెండవది 10.1 జౌళ్ళు. మందు కాలగా పుట్టు వాయువుల ద్రవ్యవేగమును కూడ చేర్చినచో ఈ అంకెలు ఇంకను హెచ్చును. నిష్పత్తి మాత్రము మారదు. తుపాకి బరువులో నాలుగవ వంతు తగ్గించినవాడు భుజముపై దెబ్బను మూడవ వంతు పెంచుకొనుచున్నాడు. కొండ ఎక్కునప్పుడు ఆదా చేసిన బరువునకు ఆ ఒక్క క్షణమున వెల చెల్లింపవలెను.

దెబ్బకు ఓర్చుకొనవచ్చును గదా యని కొందఱందురు. చిక్కు నొప్పిలో లేదు, భయములో నున్నది. రెండు మూడు మారులు గట్టిగా తన్నిన తుపాకిని పట్టినవాడు తనకు తెలియకుండగనే మీట నొక్కు క్షణమున కన్ను మూయును, భుజము బిగించును. గుఱి తప్పును. కావున తేలిక తుపాకి కోరువాడు దానితోపాటు తూటాను కూడ మితముగ ఎన్నుకొనవలెను. కొండగొఱ్ఱె పొట్టేలు నూఱు కిలోల ప్రాంతపు జంతువు. దానికి ఏనుగును పడవేయు తూటా అక్కరలేదు. చోటు తప్పిన పెద్ద గుండుకంటె చోటు తప్పని చిన్న గుండు మేలు. గొట్టము కొనకు రంధ్రములుగల బ్రేకును అమర్చి తన్నును తగ్గించువారును కలరు. కాని దానివలన చప్పుడు చెవులు పగులునంతగా పెరుగును. ప్రక్కనున్నవానికి అది మఱింత బాధాకరము.

రెండవ చిక్కు నిలుకడ. బరువైన వస్తువును కదల్చుట కష్టము. కదలకుండ నిలుపుట సులభము. జడత్వమను గుణమిదియే. చరియ ఎక్కి వచ్చినవాని గుండె దడదడ కొట్టుకొనుచుండును, ఊపిరి ఎగయుచుండును. ఆ ప్రతి కదలికయు తేలిక తుపాకి కొనవద్ద అలయై కనబడును. అందుచే అనుభవజ్ఞులు బరువును తగ్గించునప్పుడు అన్నిచోట్లను ఒకే విధముగ కోయరు. కొయ్యలోను, లోహపు అమరికలలోను, దుర్భిణిలోను తగ్గింతురు. గొట్టము ముందు భాగమున కొంత బరువును మిగుల్తురు. గొట్టము మిక్కిలి సన్ననైనచో మఱొక దోషము కూడ కలదు. రెండు మూడు గుండ్లకే అది వేడెక్కును. అప్పుడు కొన్ని గొట్టములు గుఱిని ప్రక్కకు లాగును. పొట్టి చేయుటవలన మాత్రము నష్టము స్వల్పము. 61 సెంటీమీటర్ల గొట్టమును 56కు తగ్గించినచో గుండు వేగము సెకనుకు రమారమి 15 మీటర్లు మాత్రమే తగ్గును.

కొయ్య విషయమున కాలము పెద్ద మార్పు తెచ్చినది. అక్రోటు కొయ్య అందమైనదే. కాని వానకు తడిసి, ఎండకు ఎండి, అది వంకరపోవచ్చును. అది గొట్టమును నొక్కినచో గుఱి చెడును. 1980వ దశకమున పశ్చిమ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ అను శిల్పి కెవ్లార్, గ్రాఫైటు నారలతో మడమను పోసి, బోల్టు అమరికను తూటా పొడవునకు సరిపోవునంత చిన్నదిగా చేసి, దుర్భిణి లేకుండ రెండుంబావు కిలోల ప్రాంతపు రైఫిలును తయారుచేసెను. గొట్టమును అనవసరముగ సన్నపరచకుండ, పనిచేయని బరువును మాత్రమే తీసివేయుట ఆతని పద్ధతి. నేడు కార్బను నారల మడమలు సామాన్యమైనవి. కాని కొనువాడు ఒక సంగతి మఱువరాదు: అంగడిలో చెప్పు బరువు వేరు, భుజముమీద మోయు బరువు వేరు. దుర్భిణి, దానిని బిగించు ఉంగరములు, తోలుపట్టె, తూటాలు కలిసి ముప్పాతిక కిలో సులభముగ చేరును. తూచవలసినది అన్నియు కూర్చిన తుపాకిని. అట్లు తూచినప్పుడు మూడు, మూడున్నర కిలోల నడుమ ఉన్నది మోయుటకును కాల్చుటకును రాజీ యని చెప్పవచ్చును.

మూడవది దూరము. 300 మీటర్లు పోవుటకు .270 గుండునకు సెకనులో మూడవ వంతుకు కొంచెము ఎక్కువ కాలము పట్టును. ఆ కొద్ది కాలములోనే గురుత్వాకర్షణ దానిని అరమీటరునకు పైగా క్రిందికి లాగును. చదునునేలపై ఈ లెక్క సులభము. చరియమీద మఱొక మెలిక పడును. గుండు పడుట ఏటవాలు దూరమునుబట్టి కాక, దాదాపు అడ్డదూరమునుబట్టి జరుగును. 45 డిగ్రీల వాలులో 300 మీటర్ల దూరమున నున్న జంతువునకు అడ్డదూరము 212 మీటర్లే. ఈ సంగతి తెలియనివాడు 300 మీటర్లకు తగినట్లు పైకి గుఱిపెట్టును. గుండు జంతువు వీపుమీదుగా పోవును, లేదా వెన్నును గీచిపోవును. ఎగువకు కాల్చినను, దిగువకు కాల్చినను తప్పు ఒక్కటే. త్రికోణమితిలో కొసైను ఎందుకని అడుగు బాలునకు ఇదొక సమాధానము.

వెన్నును గీచిపోవు గుండు అను మాటయొద్ద కొంత ఆగవలెను. మైదానమున గాయపడిన జంతువును వెంబడించి బాధ తీర్పవచ్చును. కొండపై అది సాధ్యము కాదు. గాయపడిన పొట్టేలు మనిషి పోలేని చరియకు పోవును. అచ్చట ఎన్ని దినములకో ప్రాణము విడుచును. కావున తేలిక తుపాకి ప్రయోజనము దూరమునుండి కాల్చుట కాదు, దగ్గరకు పోగలుగుట. భుజమున కిలో బరువు తగ్గినవాడు మఱొక మలుపు ఎక్కగలడు. గాలివాటము చూచి చుట్టు తిరిగి రాగలడు. కూర్చుండి, ఊపిరి నిలద్రొక్కుకొని, మోచేతులను మోకాళ్ళకు ఆనించి కాల్చగలడు. అన్నిటికంటె ముఖ్యముగా, గుఱి కుదరనప్పుడు కాల్చకుండ దిగి రాగలడు. రోజంతయు ఎక్కి అలసినవానికి కాల్చకుండ మరలుట ఎంత కష్టమో, ఆ మరలుటలోనే వాని నేర్పు అంత తెలియును.

ఈ నేర్పు ఎంతవరకు పోగలదో చార్లెస్ షెల్డన్ జీవితము చూపుచున్నది. 1867లో జన్మించిన ఈ అమెరికనుడు గనుల వ్యాపారమున సంపాదించి, నలుబదియేండ్లు నిండకముందే దానిని విడిచి, ఉత్తరపు అడవిగొఱ్ఱెలను పరిశీలించుటకు బయలుదేఱెను. ఆతని చేతిలోనిది 6.5 మిల్లీమీటర్ల మాన్‌లిహర్ రైఫిలు. 1906 వేసవిని అలాస్కాలోని డెనాలి పర్వతము చెంత గడపెను. 1907–08 శీతకాలమంతయు టోక్లాట్ నది ఒడ్డున చిన్న కొయ్యయింట నివసించెను. మ్యూజియముల కొఱకు కొన్ని జంతువులను కాల్చినమాట నిజమే. కాని ఆతని దినచర్యలలో అధికభాగము ఆ తెల్లని గొఱ్ఱెలు ఎచ్చట మేయును, మంచులో ఎట్లు బ్రదుకును, పిల్లలనెట్లు కాచుకొనును అను విషయములే. గనుల శిబిరములకు మాంసము నమ్ముటకై వేటగాండ్రు మందలను మట్టుపెట్టుట చూచి, ఆ ప్రాంతమును రక్షింపవలెనని సంకల్పించెను. ఏండ్ల తరబడి పట్టుబట్టగా 1917 ఫిబ్రవరి 26న అధ్యక్షుడు విల్సను సంతకముతో మౌంట్ మెకిన్లీ జాతీయోద్యానము ఏర్పడెను. 1980లో దానికి డెనాలి పేరు పెట్టిరి.

మన దేశమునను ఇట్టి చరిత్ర కలదు. 1907లో చంపావత్ నరభక్షకిని తుదముట్టించినందులకు జిమ్ కార్బెట్టునకు .275 రిగ్బీ రైఫిలు బహూకరింపబడెను. అదియు కుమావూ కొండలు ఎక్కి దిగుటకు అనువైన తేలిక తుపాకియే. కాలక్రమమున ఆతడు తుపాకిని విడిచి కెమెరాను పట్టి పులుల చిత్రములు తీసెను. 1936లో స్థాపింపబడిన జాతీయోద్యానము ఆతని మరణానంతరము ఆతని పేరు ధరించినది.

తుపాకి తేలికయగుటవలన మనిషి దూరము పోగలిగెను. దూరము పోయినవారిలో కొందఱు జంతువును దగ్గరగా చూచిరి. దగ్గరగా చూచినవారిలో ఏ కొద్దిమందియో దానిని బ్రదుకనీయవలెనని తలచిరి. నేడు డెనాలి చరియలపై తెల్లని పొట్టేళ్ళు మేయుచున్నవన్నచో, అందుకు కారకులైనవారిలో ఒకప్పుడు తేలిక తుపాకి భుజాన వేసికొని ఆ చరియ లెక్కిన మనుష్యుడొకడు.