రెండు పెట్టెలు కలిస్తే ఒక ఇల్లు

బొగ్గుగనుల ఊరు రామకృష్ణాపూర్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లు నేల పైన ఏముందో చూస్తే చాలదు, కింద ఏముందో కూడా అడగాలి. బొగ్గు పిల్లర్లు కూడా తీసేశాక భూమిలో మిగిలే ఖాళీ, అంటే గోఫ్, మీద నేల కుంగుతుంది. ఓపెన్‌కాస్టు వస్తే ఊరికి ఊరే లేచిపోతుంది. ఇవేవీ లేకపోయినా, రిటైరైన కార్మికుడు గని కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే. అందుకే విప్పి, లారీకెక్కించి, ఇంకోచోట మళ్లీ బిగించుకోగల ఇంటి చరిత్ర బొగ్గుబెల్టులో తెలియాల్సినది.

ఆ ఇంటికి రెండు వంశాలు. మొదటిది అమెరికాది. అక్కడ కారు వెనక లాక్కెళ్లే ట్రైలరు బండే మెల్లగా చాలామందికి స్థిరనివాసమైంది. రోడ్డు నిబంధనల వల్ల దాని వెడల్పు 8 అడుగుల దగ్గరే ఆగిపోయేది. 1954లో విస్కాన్సిన్‌కు చెందిన ఎల్మర్ ఫ్రే 10 అడుగుల ఇంటిని రోడ్డెక్కించాడు. తర్వాత, రోడ్డు పట్టనంత పెద్ద ఇంటిని నిలువునా రెండు సగాలుగా తయారుచేసి, స్థలంలో కలిపే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1976 జూన్ 15 నుంచి ఇలాంటి ఇళ్లకు దేశమంతటా ఒకే ప్రమాణాలు అమలయ్యాయి. అయితే కలపడానికే తయారైన రెండు సగాల సంగతి వేరు, విడివిడిగా తయారై వాడేసిన రెండు ఇళ్ల సంగతి వేరు. రెండో రకంలో నేల ఎత్తులు కలవవు, కప్పు వాలు కలవదు, కొట్టేయాలనుకున్న గోడే కప్పును మోస్తుంటుంది.

రెండో వంశం మన దాకా వచ్చింది. 1956 ఏప్రిల్ 26న లారీల వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ 58 పెట్టెలను ఐడియల్-ఎక్స్ ఓడ మీద నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. సరుకు కోసం పుట్టిన ఆ కంటైనర్‌ను మనిషి ఉండే కట్టడంగా మార్చే పద్ధతికి ఫిలిప్ క్లార్క్ 1987లో దరఖాస్తు చేసి, 1989లో అమెరికా పేటెంటు పొందాడు. ఒక పెట్టెతోనే కాదు, కొన్నింటిని కలిపి కట్టడం కూడా అందులో ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ భూపాలపల్లి గనులు దాటాక ములుగు అడవుల్లో ఉంది. 2024లో తాడ్వాయి మండలం పోచాపూర్‌లో కంటైనర్ ఆసుపత్రి, కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో కంటైనర్ బడి మొదలయ్యాయి. అడవిలో పక్కా కట్టడానికి అనుమతి దొరకనిచోట పిల్లలకు చదువు ఆగకుండా చేసిన పని అది. నా దృష్టిలో చాలా మంచి పని.

ఇక కలపడం. 20 అడుగుల పెట్టె పొడవు 20, వెడల్పు 8, ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. లోపలి వెడల్పు ఎనిమిది అడుగులకు కొంచెం తక్కువే, మంచం వేస్తే నడవడానికి సందు మిగులుతుంది. రెండింటిని పక్కపక్కన పెట్టి మధ్య గోడలు తీస్తే బయటి కొలతల లెక్కన 320 చదరపు అడుగుల హాలు వస్తుంది. ప్రమాదమూ అక్కడే. పెట్టె బరువు నాలుగు మూలల స్తంభాల మీదికి దిగుతుంది. ముడతల రేకు గోడ ఆ స్తంభాల మధ్య లోతైన దూలంలా పనిచేస్తూ కప్పునూ నేలనూ వంగనివ్వదు. అట్టపెట్టెకు ఒక పక్క కోసేస్తే పైభాగం ఎలా జారుతుందో, గోడ తీసిన కంటైనర్ కప్పు అలాగే జారుతుంది. గోడ తీసేముందే ఐ-సెక్షన్ దూలం, దాని కింద స్తంభాలు పడాలి. వాటి కొలత వెల్డరు అంచనాతో కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కతో తేలాలి.

తర్వాతి శత్రువు ఎండ. ఈ బెల్టులో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు వేడిని ఆపదు. గోడలకు, కప్పుకు రాక్‌ఊల్ గానీ పఫ్ ప్యానెల్ గానీ వేసి, పైన గాలి ఆడేలా ఖాళీ వదిలి ఇంకో రేకుల కప్పు తెల్లరంగుతో వేయాలి. అది లేకుండా అందులో కాపురం పెట్టవద్దు. 40 అడుగుల పెట్టె 30 డిగ్రీల తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే రెండు కప్పుల మధ్య సందును సిమెంటుతో పూడిస్తే పగిలి, తొలివానకే కారుతుంది. సాగే సీలెంటు, దాని మీద రెండు వైపులా వాలిన రేకు కావాలి.

పాత పెట్టె కొనేవాళ్లు తలుపు మీది లోహపు పలక చదవాలి. నేల చెక్కకు పురుగుమందు పట్టించి ఉంటే అక్కడ రాసి ఉంటుంది. అలాంటి చెక్కను తీసేయడమే మేలు. ఇల్లంతా ఇనుమే కాబట్టి ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఇక పెట్టె కింది నేల. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. దిమ్మెల మీద కూర్చోబెట్టిన పెట్టె పక్కకు ఒరిగితే జాకీలతో లేపి, రసమట్టం చూసి పలకలు దూర్చి సరిచేయవచ్చు. ఇటుక గోడకు ఆ వీలు లేదు. అయినా గోఫ్ మీద మాత్రం ఏ ఇల్లూ పెట్టకూడదు.

చివరగా ఒక మాట. ఇక్కడ రెండు పెట్టెలను కలిపేవాళ్లు వెల్డింగ్‌ను పెట్టె లోపలి పనులకే ఉంచండి. పెట్టెకూ పెట్టెకూ మధ్య బోల్టులే వేయండి. రేపు గని స్థలం అడిగితే, క్రేన్‌తో లేపుకుపోయేది బోల్టు వేసిన ఇంటినే.