షాపులు కూల్చి నదిని తెచ్చుకున్న ఊరు

మున్సిపాలిటీ షాపింగ్ కాంప్లెక్స్ కడుతుందంటే మనకు వింత లేదు. గదులకు వేలం పాట పెట్టి అద్దెలు వసూలు చేసుకుంటుందన్నా వింత లేదు. కాంప్లెక్స్ మొత్తాన్ని డబ్బు పెట్టి కొని, ఉన్న షాపుల్ని ఖాళీ చేయించి, గోడలు నేలమట్టం చేసి, ఆ చోట పచ్చిక పెంచుతామంటే మాత్రం ఎవరైనా ఒకసారి ఆగి చూస్తారు. ఇంగ్లండ్ ఈశాన్య మూలన, టీస్ నది ఒడ్డున ఉన్న స్టాక్‌టన్‌లో కౌన్సిల్ ఈ పనే చేసింది. మన తెలుగు పిల్లలు చదువుకోడానికి వెళ్తుండే టీసైడ్ యూనివర్సిటీ ఉన్నది మిడిల్స్‌బ్రోలో. స్టాక్‌టన్ దానికి పక్క ఊరే.

పేరులేని ఊరేమీ కాదిది. 1310 నుంచి ఇక్కడ సంత జరుపుకునే హక్కు ఉంది. ఆ సంత కోసమే కాబోలు, నడివీధిని అంత వెడల్పుగా వదిలారు. బ్రిటన్ మొత్తంలో ఇంత వెడల్పైన హై స్ట్రీట్ లేదని ఊరివాళ్లు చెప్పుకుంటారు. 1825 సెప్టెంబర్ 27న ఆవిరి ఇంజన్ జనాన్ని లాక్కుంటూ డార్లింగ్టన్ వైపు నుంచి వచ్చి చేరింది ఈ ఊరికే. ఇదే వీధిలో 59వ నంబరు దుకాణంలో మందులమ్ముకునే జాన్ వాకర్ 1827లో గీస్తే వెలిగే అగ్గిపుల్లల్ని మొదటిసారి అమ్మాడు. పేటెంట్ కూడా తీసుకోలేదు. ఆయన మీద గౌరవంతో 1977లో విగ్రహం పెట్టారు కానీ, అది అదే పేరున్న ఇంకో జాన్ వాకర్‌దని తర్వాత బయటపడింది. ఊరి అదృష్టం అలా ఉంది.

వెడల్పైన వీధికి ఒక చిక్కుంది. నిండినప్పుడు ఎంత కళగా ఉంటుందో, పలచబడ్డప్పుడు అంత బోసిగా కనిపిస్తుంది. ఇరుకు సందులో ఇరవైమంది నడుస్తుంటే సందడి. ఇక్కడ రెండొందలమంది నడిచినా ఎవరూ లేనట్టే ఉంటుంది.

బజారు ఎందుకు పలచబడిందో తెలియాలంటే బజారు బయటకు పోవాలి. ఈ పట్టణాన్ని పోషించింది నౌకల పని, ఇనుప కర్మాగారాలు, పక్కనున్న బిల్లింగ్‌హామ్‌లోని ఐసీఐ రసాయన ఫ్యాక్టరీ. 1987 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ చేతిలో హ్యాండ్‌బ్యాగ్‌తో పిచ్చిమొక్కల మధ్య ఒంటరిగా నడిచిన ఫోటో బ్రిటన్‌లో అందరికీ గుర్తే. అది తీసింది ఇక్కడే, నది అవతలి గట్టున మూతపడ్డ హెడ్ రైట్‌సన్ కర్మాగారం స్థలంలో. జీతాలు ఆగిపోయాక దుకాణం ఎన్నాళ్లు నిలబడుతుంది?

దాని మీద ఇంకో దెబ్బ. ఏ స్థలంలో ఏం కట్టాలో నిర్ణయించే అధికారం ఈ నదీతీరం వరకు ఆ ఏడాదే స్థానిక కౌన్సిళ్ల నుంచి ప్రభుత్వం పెట్టిన టీసైడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు వెళ్లిపోయింది. 1988లో పాత గుర్రప్పందేల మైదానంలో టీసైడ్ పార్క్ అనే షాపింగ్ సముదాయం తెరుచుకుంది. పెద్ద పెద్ద షెడ్లు, పక్కనే పెద్ద రోడ్డు, కారు పెట్టుకోడానికి పైసా కట్టక్కర్లేదు. ఊళ్లో మాత్రం పార్కింగ్‌కు చిల్లర వెతుక్కోవాలి. గిరాకీ ఎటు పోయిందో వేరే చెప్పాలా? ఆన్‌లైన్ వ్యాపారం వచ్చి హై స్ట్రీట్‌ను చంపేసిందని అందరూ అంటారు. స్టాక్‌టన్ విషయంలో ఆ మాట సగమే నిజం. అమెజాన్ పుట్టకముందే ఇక్కడి గల్లాపెట్టెకు చిల్లు పడింది.

తర్వాతిది తెలిసిన కథే. 2009 మొదట్లో దేశమంతటా ఊల్‌వర్త్స్ షాపులు ఒక్కటి కూడా మిగలకుండా మూతపడ్డాయి. 2018లో మార్క్స్ అండ్ స్పెన్సర్ స్టాక్‌టన్ హై స్ట్రీట్‌ను వదిలేసింది. 2020లో డెబెనమ్స్ వెళ్లిపోయింది.

పెద్ద షాపు మూతపడితే అద్దె తగ్గించి చిన్నవాళ్లకు ఇవ్వొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. అసలు ముడి అక్కడే ఉంది. ఆ భవనాల యజమానులు చాలాచోట్ల ఊళ్లో ఉండరు. ఎక్కడో ఉన్న పెట్టుబడి కంపెనీలు, పెన్షన్ ఫండ్లు అవి. భవనం విలువను లెక్కగట్టేది అద్దెను బట్టి. ఆ విలువ మీదే బ్యాంకు అప్పు. అద్దె సగానికి దించితే కాగితం మీద ఆస్తి కరిగిపోతుంది, బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. అంతకంటే షట్టర్ దించి, 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు కట్టి ఊరుకోవడమే వాళ్లకు మేలు. ఆ బోర్డు ఎండకు వెలిసిపోతుంది. తలుపు వెనక ఉత్తరాలు కుప్పపడతాయి.

ఖాళీగా ఉంచితే పన్ను పడదా అంటే, పడుతుంది. మొదటి మూడు నెలలు మినహాయింపు, ఆ తర్వాత బిజినెస్ రేట్స్ పూర్తిగా కట్టాలి. దానికీ కిటుకు కనిపెట్టారు. షాపులో నాలుగు అట్టపెట్టెలు తెచ్చి పడేసి ఆరు వారాలు 'వాడకంలో ఉంది' అని చూపిస్తే, అవి తీసేసిన రోజు నుంచి మళ్లీ మూడు నెలల మినహాయింపు మొదలు. 2024 ఏప్రిల్‌లో ఆ ఆరు వారాలను పదమూడు చేశారు. లండన్‌లో ఖాళీ ఆఫీసు గదుల్లో డబ్బాల నిండా నత్తల్ని పెట్టి, ఇది వ్యవసాయం, పన్ను వర్తించదు అన్న ఘనులూ ఉన్నారు.

ఇలాంటి రోగానికి ప్రభుత్వం వేసిన మొదటి మందు చూడండి. టీవీలో షాపుల్ని చక్కదిద్దే కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న మేరీ పోర్టాస్‌తో 2011లో నివేదిక రాయించారు. మరుసటి ఏడాది పన్నెండు ఊళ్లను ఎంపిక చేసి, అన్నిటికీ కలిపి 12 లక్షల పౌండ్లు ఇచ్చారు. అందులో స్టాక్‌టన్ ఒకటి. ఊరికి లక్ష పౌండ్లంటే పూలకుండీలకు, తోరణాలకు, ఒకటి రెండు ఉత్సవాలకు సరిపోతాయి. డార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో ఆ డబ్బులోంచి 1,600 పౌండ్లు పిల్లల కార్టూన్ పెప్పా పిగ్ వేషానికి పోశారని తెలిసి జనం నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. షాపుల తాళాలు చేతిలో లేనివాడు వేషాలు తప్ప ఏం వేయించగలడు?

స్టాక్‌టన్‌కు వేడుకలు కొత్త కాదు. 1988 నుంచి ఏటా రివర్‌సైడ్ ఫెస్టివల్ జరుపుతోంది. హై స్ట్రీట్ మధ్యలో 2016లో ఒక విచిత్రం కూడా పెట్టారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు రాతి దిమ్మె తెరుచుకుని, చక్రాలు గొట్టాలు తగిలించిన ఆవిరి బండి ఒకటి ఈలలు వేస్తూ, పొగ చిమ్ముతూ పైకి లేస్తుంది. పేరు స్టాక్‌టన్ ఫ్లయర్. పిల్లలు కేరింతలు కొడతారు. కాసేపటికి అది లోపలికి దిగిపోతుంది, జనం చెదిరిపోతారు. తిరునాళ్ల రోజు బేరాన్ని నమ్ముకుని కొట్టువాడు ఏడాదంతా బతకలేడు.

అందుకే 2019లో కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. హై స్ట్రీట్ మీదున్న రెండు షాపింగ్ సెంటర్లనూ, కాజిల్‌గేట్, వెలింగ్టన్ స్క్వేర్, కౌన్సిలే కొనేసింది. తాళాలు చేతికొచ్చాయి. ఆ తర్వాత, ఏ రాజకీయ నాయకుడూ మైకులో చెప్పడానికి ఇష్టపడని మాట చెప్పింది: ఈ ఊరికి ఉండాల్సిన దానికన్నా షాపులు ఎక్కువగా ఉన్నాయి. కాజిల్‌గేట్‌లో మిగిలిన దుకాణాలను వెలింగ్టన్ స్క్వేర్‌కూ, వీధిలోని ఇతర చోట్లకూ మార్చారు. ప్రభుత్వ ఫ్యూచర్ హై స్ట్రీట్స్ ఫండ్ నుంచి కోటి 65 లక్షల పౌండ్లు వచ్చాయి. 2022లో కూల్చివేత మొదలైంది.

కాజిల్‌గేట్ 1970లలో పాత వీధి తూర్పు వరసను తీసేసి కట్టిన కాంక్రీటు దిమ్మ. దాని వీపు నది వైపు. హై స్ట్రీట్‌లో నిలబడ్డవాడికి దాని వెనకే నది ఉందన్న ఊహ కూడా రానిచ్చేది కాదు. దానికి అతుక్కున్న హోటల్ 2009లోనే మూతపడి, పదేళ్లకు పైగా అలాగే మొండిగా నిలబడింది. ఇవన్నీ తొలగించి నది దాకా పార్కు అన్నారు. మధ్యలో అడ్డొచ్చే పెద్ద రోడ్డును కుదించి, దాని మీదుగా నేలను వంతెనలా పరిచి జనాన్ని నీటి ఒడ్డుకు నడిపించాలన్నది పథకం.

షాపుల్లేవని మేమేడుస్తుంటే పచ్చికబయలు దేనికి అన్న సణుగుడు ఇలాంటి చోట తప్పదు. అది తీసిపారేయాల్సిన మాటా కాదు. ఇదే వీధిలోని గ్లోబ్ థియేటర్ కథ జనానికి గుర్తుంది. 1963 నవంబర్ 22న, కెనెడీ హత్య వార్త వచ్చిన రాత్రి, బీటిల్స్ పాడిన హాలది. తర్వాత బింగో ఆటకు దిగి, 1997లో మూతపడింది. బాగుచేద్దామని మొదలుపెడితే ఆస్‌బెస్టాస్ బయటపడింది, ఏళ్లు గడిచాయి, ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లయి 2 కోట్ల 80 లక్షల పౌండ్ల దాకా చేరింది. 2021లో తెరిచారు. ఇప్పుడు మూడువేలమంది పట్టే హాలు, నిజమే. అయితే కచేరీ వదిలేది రాత్రి పదకొండింటికి. ఆ వేళకు చెప్పుల షాపు తెరిచి ఉండదు.

కౌన్సిళ్లు ఆస్తులు కొనడమంటే భయపడేవాళ్లు వోకింగ్‌ను చూపిస్తారు. లండన్ దగ్గరి ఆ చిన్న పట్టణం నడిబొడ్డున విక్టోరియా స్క్వేర్ పేరుతో ఆకాశహర్మ్యాలు, హోటల్, షాపులు కట్టడానికి కౌన్సిల్ అప్పుల మీద అప్పులు చేసింది. 2023 జూన్‌లో చేతులెత్తేసింది. ఖర్చులకు చేతిలో ఉన్నది కోటి 60 లక్షల పౌండ్లు, లోటు 120 కోట్లు. ఇద్దరి ఉద్దేశమూ ఊరి నడిబొడ్డును బతికించాలనే. తేడా ఎక్కడంటే, ఒకరు ఇంకా షాపులు కావాలని పందెం కాశారు, ఇంకొకరు తగ్గించుకోవాలని. నా ఓటు రెండోవాళ్లకే, అందులోనూ నష్టభయం ఉందని తెలిసినా.

2024 డిసెంబర్ నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లకు ఇంకో ఆయుధం వచ్చింది. రెండేళ్లలో 365 రోజులకు పైగా ఖాళీగా ఉన్న షాపును, యజమాని వద్దన్నా, కౌన్సిల్ వేలం పెట్టి అద్దెకిప్పించవచ్చు. మన మున్సిపాలిటీలు తమ గదులకు పాట పెడతాయి. అక్కడ పరాయి గదికి పెట్టవచ్చన్నమాట. బెదిరింపుగానైనా ఇది పనికొస్తుంది. కాకపోతే పాట పాడేవాడు ఉండాలి, వాడి కొట్టుకు కొనేవాడు ఉండాలి.

కొనేవాడి సంగతి చివరికి పార్కుతో తేలేది కాదు. 2018లో బీబీసీ ఈ ఊరి మీద చేసిన కథనం ప్రకారం టౌన్ సెంటర్ వార్డులో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 64 ఏళ్లు. కొద్ది మైళ్ల అవతలి కలిగినవాళ్ల పేటల్లో అంతకంటే పద్దెనిమిదేళ్లు ఎక్కువ బతుకుతున్నారు. బహుశా అందుకే కాజిల్‌గేట్ స్థలంలో పార్కుకు పక్కన మిగిలిన భాగం ఏ షాపుకూ పోలేదు. జాతీయ ఆరోగ్య సేవ అక్కడ స్కానింగులు, పరీక్షలు చేసే కేంద్రం కట్టింది. దానికి వచ్చేవాళ్లు పండగ కోసం రారు, అపాయింట్‌మెంట్ ఉండి వస్తారు, ఏడాది పొడవునా వస్తారు. స్కాన్ అయ్యాక వాళ్లు హై స్ట్రీట్ వైపు నడిచి టీ తాగుతారా, కారెక్కి టీసైడ్ పార్క్‌కు పోతారా అన్నదాని మీద, ఇప్పుడు యజమానిగా కౌన్సిల్ చేతిలో ఉన్న వెలింగ్టన్ స్క్వేర్ అద్దెలు ఆధారపడి ఉన్నాయి.