సైకిల్‌పై అరకు వెళ్తున్నారా? ఎక్కడం కాదు.. దిగడమే అసలు పరీక్ష!

విశాఖ నుంచి అరకు అనగానే చాలామందికి అద్దాల రైలే గుర్తొస్తుంది. కానీ సైకిల్‌పై వెళ్తే సముద్రం, నది, కొండలు.. మూడూ ఒకే ట్రిప్‌లో చూసేయొచ్చు. ఈ మూడింటినీ కలిపేది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా తాటిపూడి రిజర్వాయర్‌కి చేరి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే సైక్లిస్టులు నదికి ఎదురెళ్తారన్నమాట!

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సుమారు 25 కిలోమీటర్లు. కుడివైపు సముద్రం, మధ్యలో చిన్న చిన్న ఎత్తుపల్లాలు. తెల్లారేసరికి బయల్దేరితే ఎండ బాధ ఉండదు. తగరపువలసలో గోస్తని వంతెన చూసుకుని శృంగవరపుకోట వైపు తిరగాలి. రాత్రికి అక్కడే ఆగిపోవడం మంచిది. ఎందుకంటే ఆ తర్వాతిదంతా ఘాట్ రోడ్డే.

అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అయితే గాలికొండ దగ్గర రోడ్డు అంతకంటే పైకి వెళ్తుంది. తొక్కలేకపోతే దిగి నడిపించుకోవచ్చు, అందులో నామోషీ ఏం లేదు.

అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలోనే. రిమ్ బ్రేకులున్న సైకిల్‌కి కిందిదాకా బ్రేక్ పట్టుకునే ఉంటే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలొచ్చు. మలుపు రాకముందే వేగం తగ్గించాలి. బ్రేకులు రెండూ పడుతూ, వదులుతూ దిగాలి. మధ్యలో ఆగి రిమ్ చల్లారనివ్వాలి. వాన పడితే బ్రేక్ సరిగ్గా పట్టదు, ఎదురుగా బస్సులొస్తుంటాయి. అలాంటప్పుడు దిగకపోవడమే బెటర్. అరకు నుంచి విశాఖకి రైలుంది. సైకిల్‌ని లగేజీలో వేస్తారో లేదో స్టేషన్‌లో ముందే కనుక్కోండి.